మెట్ల చేలలో గోధుమ కోత



బదిలీ ఉద్యోగాల ఇళ్లలో పెరుగుతున్న మీకు ఒక సంగతి మేము కొత్తగా చెప్పనక్కరలేదు. ఊరు మారినప్పుడు అన్నిటికంటే ముందు మారేది కంచంలోని తిండి. కొత్త భాష నోటికి రావడానికి ఆరు నెలలు పడుతుంది. కొత్త తిండి మాత్రం సామాన్లు దించిన రోజు రాత్రే ఎదురవుతుంది.

మేము తెనాలి వైపు వరి పొలాల మధ్య పుట్టినవాళ్లం. గోధుమ అంటే మాకు కొట్లో దొరికే పిండి, జ్వరం వచ్చినప్పుడు చేసే రొట్టె. అంతే. ఉద్యోగంలో చేరాక పన్నెండేళ్లలో ఐదు ఊళ్లు తిరిగాము. మొదటిది పంజాబ్‌లోని భటిండా. గోధుమ చేను ఎలా ఉంటుందో అక్కడే చూశాము. కంటోన్మెంట్ గోడ దాటితే చాలు, కన్ను ఆనినంత మేర చదునుగా, ఒకే రంగులో ఉండేది. ఏప్రిల్‌లో వైశాఖీ పండుగ వెళ్లగానే కోత యంత్రాలు దిగేవి. ఒక యంత్రం గంటలో ఎకరం పైచిలుకు కోసి, నూర్చి, గింజలను ట్రాలీలో పోసేది. ఉదయం బడికి వెళ్లేటప్పుడు నిలబడి ఉన్న చేను సాయంత్రం తిరిగి వచ్చేసరికి మోడుగా మిగిలేది. ఆ యంత్రం నడిపే మనిషి తప్ప పొలంలో ఇంకొకరు కనిపించేవారు కాదు.

మూడో బదిలీ ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్‌కు వచ్చింది. ఆ పేరులోనే పొలం ఉంది. ఖేత్ అంటే చేను, రాణీఖేత్ అంటే రాణిగారి చేను. 1869లో ఆంగ్లేయులు అక్కడ కంటోన్మెంట్ కట్టారు. ఇప్పుడు కుమావూఁ రెజిమెంట్ కేంద్రం అక్కడే ఉంది. సముద్రమట్టానికి ఆరు వేల అడుగుల ఎత్తు. ఆకాశం తేటగా ఉన్న రోజున 7,816 మీటర్ల నందాదేవి, దాని పక్కన త్రిశూల్ తెల్లగా కనిపిస్తాయి. బడి గంట కొట్టే స్థలం నుంచి ఇవి కనిపిస్తుంటే పిల్లలను వరసలో నిలబెట్టడం మా వల్ల అయ్యేది కాదు.

ఊళ్లో ఇల్లు దొరకక, కొండ కిందికి మూడు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాము. ఇంటావిడకు డెబ్బై ఏళ్లు. కుమావూఁ భాషలో నాయనమ్మను, అమ్మమ్మను ఆమా అంటారు. మాకు ఆ పిలుపు వెంటనే నోటికి పట్టింది. ఇంట్లో ఆమాతో పాటు కోడలు, ఏడో తరగతి చదివే మనవడు ఉండేవారు. కొడుకు పటాలంలో హవల్దారు, ఎక్కడో సరిహద్దులో ఉండేవాడు. ఆ అబ్బాయి మా బడిలోనే చదివేవాడు. సాయంత్రాలు తెలుగు పిల్లలను కూర్చోబెట్టి మేము అక్షరాలు దిద్దిస్తుంటే వాడూ వచ్చి పక్కన కూర్చునేవాడు. ఆర్నెల్లలో తన పేరు, ఆమా పేరు తెలుగులో రాయడం నేర్చాడు.

ఇంటి ముందు నిలబడి కిందికి చూస్తే ఆమా చేలు కనిపించేవి. వాటిని చేలు అనాలా, మెట్లు అనాలా అని మొదట్లో మాకు సందేహం వచ్చేది. కొండ వాలును అడ్డంగా తొలిచి, అంచున రాళ్లు పేర్చి గోడ కట్టి, వెనుక మట్టి నింపి ఒక్కో మడి తయారు చేస్తారు. గోడకు సున్నం ఉండదు, సిమెంటు ఉండదు. రాయి మీద రాయి, అంతే. ఆ గోడ లేకపోతే ఒక్క వానాకాలంలో మట్టి అంతా కింది వాగులో కలుస్తుంది. ఎక్కడైనా గోడ కూలితే, కూలిన రాళ్లనే ఏరి మళ్లీ పేర్చాలి. ఇలాంటి మడులు ఆమాకు పద్నాలుగు ఉండేవి. కొన్ని మా వరండా అంత, కొన్ని రెండు తరగతి గదులంత. ఏదీ సూటిగా ఉండదు, కొండ ఎటు తిరిగితే మడి కూడా అటు తిరుగుతుంది.

అక్కడ నేలను నాళీలలో కొలుస్తారు. ఒక నాళీ అంటే సుమారు రెండు వందల చదరపు మీటర్లు. ఎకరానికి ఇరవై నాళీలు వస్తాయి. నాళీ అనేది నిజానికి గింజలు కొలిచే పాత్ర పేరు. ఆ పాత్రెడు విత్తనం ఎంత నేలకు సరిపోతుందో అంత నేల ఒక నాళీ. ఈ మాట విన్నప్పుడు మాకు మా తాతల కాలం గుర్తొచ్చింది. మన ఊళ్లలోనూ పుట్టెడు భూమి, కుంచెడు నేల అని విత్తనాన్ని బట్టే నేలను చెప్పేవారు కదా. దేశానికి ఆ చివర, ఈ చివర ఉన్న రైతులు ఒకరినొకరు చూడకుండానే ఒకే లెక్క కట్టుకున్నారు. ఆమాకు మొత్తం తొమ్మిది నాళీలు. అంటే అర ఎకరం కూడా లేదు, అది కూడా పద్నాలుగు ముక్కలు.

నీటి వసతి ఉన్న నేలను వాళ్లు తలాఊం అంటారు, వానమీద ఆధారపడిన నేలను ఉపరాఊం అంటారు. ఆమాది అంతా ఉపరాఊం. అక్టోబరులో గోధుమ చల్లితే, ఆ తరువాత చలికాలంలో పడే నాలుగు వానలే దిక్కు. మైదానంలో పండే పంటలో అక్కడ సగం కూడా రాదు. అల్మోడాలో ఇలాంటి కొండ సేద్యం కోసమే పనిచేసే పరిశోధన సంస్థ ఒకటి ఉంది. బోషీ సేన్ అనే శాస్త్రవేత్త 1924లో కలకత్తాలో వివేకానంద ప్రయోగశాల పేరుతో దాన్ని మొదలుపెట్టి, తరువాత అల్మోడాకు తెచ్చారు. 1974లో అది భారత వ్యవసాయ పరిశోధన మండలిలో చేరింది. అక్కడ తయారైన గోధుమ రకాల పేర్లకు ముందు వీఎల్ అనే రెండక్షరాలు ఉంటాయి. ఆమా చల్లే విత్తనం కూడా వీఎల్ రకమే. కానీ ఆమా దాన్ని అల్మోడా గోధుమ అనేది.

భటిండాలో ఏప్రిల్‌లో కోసే పంట ఇక్కడ మే నెల దాకా ఆగుతుంది. ఎందుకో సైన్సు పాఠంలో మీరు చదివే ఉంటారు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. చలిలో మొక్క నెమ్మదిగా పెరుగుతుంది. ఒకే కొండ మీద కూడా కింది మడులు ముందు పండుతాయి, పై మడులు తరువాత పండుతాయి. కాబట్టి కోత వాగు దగ్గర మొదలై ఇంటి వైపు పైకి ఎక్కుతుంది. ఈ ఒక్క సంగతి ముందు ముందు చాలా పనికి వచ్చింది, చివర్లో చెబుతాము.

మేము వెళ్లిన రెండో ఏడు, మే నెల రెండో వారం. చేను పసుపు తిరిగి ఎండ తగిలితే గలగలమంటోంది. హవల్దారుకు సెలవు దొరకలేదని ఫోను వచ్చింది. పూర్వం అయితే దానికి ఎవరూ కంగారు పడేవారు కాదు. ఆ ఊళ్లో పల్టా అనే పద్ధతి ఉంది. ఈ రోజు మా చేలో మీరు కోస్తే, రేపు మీ చేలో మేము కోస్తాము. డబ్బు ప్రసక్తి లేదు. మన వైపు బదులు అంటామే, అదే. కానీ బదులు నడవాలంటే మనుషులు కావాలి. ఇరవై మూడు ఇళ్ల పల్లెలో అప్పటికి ఏడిళ్లలోనే దీపాలు వెలుగుతున్నాయి. మిగిలిన వాళ్లు హల్ద్వానీకి, ఢిల్లీకి వెళ్లిపోయారు. ఇది ఆ ఒక్క పల్లె కథ కాదు. 2011 జనాభా లెక్కల నాటికే ఉత్తరాఖండ్‌లో మనిషి లేని గ్రామాలు వెయ్యికి పైగా తేలాయి. 2017లో రాష్ట్ర ప్రభుత్వం వలసల మీద ఒక కమిషన్‌నే పెట్టింది.

ఇల్లు ఖాళీ అయితే నష్టం ఆ ఇంటితో ఆగదు. దున్నని మడుల్లో ముళ్లపొదలు లేస్తాయి. ఆ పొదల్లో అడవిపందులు పగలు దాక్కుని రాత్రి పక్కవాళ్ల చేలో దిగుతాయి. పగలు కోతులు. పది మంది కాపలా కాసే చోట ఇద్దరు కాస్తే ఎన్ని రాత్రులు కాయగలరు? అందుకే ఒకరు మానేస్తే పక్కవాళ్లూ మానేస్తారు.

శుక్రవారం సాయంత్రం ఆ అబ్బాయి మా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఆమా అడగమంది. రేపు రెండో శనివారం కదా, మీకు సెలవే కదా?" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. మా పాప అప్పటికే "నాకు కొడవలి ఇస్తారా?" అంటోంది.

తెల్లవారుజామున నాలుగున్నరకు దిగాము. అంత పొద్దున్నే ఎందుకంటే, మంచు తడి మీద కోస్తే గింజ రాలదు. ఎండ ఎక్కాక పండిన వెన్నును కదిలిస్తే గింజలు నేలపాలవుతాయి. పైగా ఆ నెలలో మధ్యాహ్నం దాటితే ఉరుములు, వడగళ్లు ఎప్పుడు వస్తాయో చెప్పలేము. కొండల్లో గోధుమ రైతు భయపడేది ఎండకు కాదు, వడగళ్లకు.

ఎడమ చేత్తో పిడికెడు కాడలు పట్టి, కొడవలి మన వైపుకు లాగాలి. పని అంతే. చదును నేలలో అయితే అడుగులు ఎటు పడినా ఫర్వాలేదు. ఇక్కడ మడి వెడల్పు కొన్నిచోట్ల ఐదడుగులు. ఒక అడుగు ఎక్కువ పడితే మనిషెత్తు లోతున కింది మడిలో ఉంటాము. ఆమా చెప్పిన మొదటి నియమం ఇది: "మాస్సాబ్, అంచుకు వీపు పెట్టొద్దు. అంచు ఎప్పుడూ కంటికి కనిపిస్తూ ఉండాలి." అందుకని పక్కకు పక్కకు జరుగుతూ, మడి పొడవునా కోసుకుంటూ పోయేవాళ్లం. కోసిన పనలు వెనక వరసగా పరిచేవాళ్లం. కోడలు మాకంటే మూడు రెట్లు వేగంగా కోస్తూనే, మధ్యలో గోడల మీది గడ్డి కూడా కోసి వేరే మోపు కట్టేది. అది గేదెకు. ఆ చేలో పనికిరానిది ఏదీ లేదు.

కోతకంటే మోత కష్టం. ట్రాక్టరు రాదు, బండి రాదు, గాడిద కూడా కొన్ని మెట్లు ఎక్కదు. పనలు తాళ్లతో మోపు కట్టి, తల మీద చుట్టకుదురు పెట్టుకుని, వాగు దగ్గర నుంచి ఇంటి దాకా పైకి ఎక్కాలి. మేము ఒక మోపు చేర్చి ఊపిరి తీసుకునేలోగా డెబ్బై ఏళ్ల ఆమా రెండో మోపుతో వచ్చేది. ఆ దారిలో ఎక్కడ నిలబడాలో ఆమెకు తెలుసు. మోపు దించకుండానే ఆనించి నిలబడటానికి వీలుగా గోడలో ఒక బండ ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. దాన్ని ఆమె అత్తగారు పెట్టించిందట.

శనివారం చీకటి పడేలోగా ఎనిమిది మడులు అయ్యాయి. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంకో మూడు. మిగిలింది మూడు. రెండు గంటలకు కొండ వెనక నుంచి మబ్బు లేచింది. ఎవరూ మాట్లాడలేదు. పన్నెండోది కోసి మోపులు పైకి చేర్చాము. పదమూడోది కోసి, ఉన్న చోటే టార్పాలిన్ కప్పి రాళ్లు పెట్టాము. పద్నాలుగో మడిలో ఒక చివర కోత మొదలుపెట్టగానే వడగళ్లు పడ్డాయి. శనగగింజలంత పడి, తరువాత ఉసిరికాయలంత అయ్యాయి. పరుగెత్తి వసారాలోకి చేరాము. పది నిమిషాలే. ఆగాక చూస్తే ఆ మడిలో ఒక్క కాడ కూడా నిలబడి లేదు. గింజలన్నీ బురదలో ఉన్నాయి.

ఆమా కాసేపు అలాగే చూసింది. తరువాత మనవడితో, "గేదెను విప్పుకుపో. దానికైనా పండుగ కానీ" అంది.

ఆ రాత్రి పనలతో నిండిన ముందు గదిలో కూర్చుని రొట్టెలు తిన్నాము. అప్పుడు కోడలు నెమ్మదిగా మాట బయటపెట్టింది. వచ్చే ఏడు భర్త వేరే చోటికి మారుతున్నాడు, అక్కడ కుటుంబానికి క్వార్టరు ఇస్తారు. పిల్లవాడి చదువు కోసం తాము వెళ్లాలి. ఆమాను కూడా రమ్మంటున్నారు. ఆమా తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. "నేను వస్తే గోడలు ఎవరు కడతారు?" అంది. కోడలు, "మీరు ఉంటే మాత్రం పద్నాలుగు మడులు ఎవరు కోస్తారు?" అంది. ఇద్దరూ కోపంగా లేరు. ఇద్దరి మాటా నిజమే. ఆ అబ్బాయి మాత్రం తినడం ఆపి ఇద్దరినీ చూస్తున్నాడు. ఆ చూపు మాకు తెలుసు. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన సాయంత్రం ప్రతి క్వార్టరులోనూ ఒక పిల్లవాడు అలా చూస్తాడు. మీలో చాలామంది చూసే ఉంటారు.

తరువాతి వారమంతా నూర్పిడి. ఇంటి ముందు పలకరాళ్లు పరిచిన వాకిలే కళ్లం. ఊళ్లో మిగిలిన ఒకే ఒక ఎద్దుల జత ఉన్నాయనను పిలిచారు. ఎద్దుల మూతులకు చిక్కాలు కట్టి పనల మీద గుండ్రంగా తిప్పారు. తూర్పారబట్టడం మాత్రం మధ్యాహ్నమే. ఎండకు కొండ వేడెక్కి, లోయలోంచి గాలి పైకి ఎక్కడం మొదలయ్యేది అప్పుడే. ఆమా చేట ఎత్తి పట్టుకుని గాలి కోసం ఆగేది. గాలి రాగానే చేట కొద్దిగా వంచితే గింజలు కాళ్ల దగ్గర, పొట్టు దూరంగా పడేవి. గాలి ఆగితే ఆమె చెయ్యి ఆగేది. గడియారం చూసి చేసే పని కాదది. చివరికి గింజలను భకార్ అనే పెద్ద చెక్క పెట్టెలో పోశారు. అందులోంచి ముందుగా మంచి వెన్నుల గింజలు వేరే సంచిలో కట్టి విత్తనానికి పక్కన పెట్టారు. కొత్త పిండితో చేసిన మొదటి రొట్టె ఊరి దేవుడికి, రెండోది మా పాపకు ఇచ్చారు.

లెక్క విషయంలో ఆమా గట్టి మనిషి. "మీరిద్దరు, రెండు రోజులు. నాలుగు బదుళ్లు మీకు బాకీ" అంది. మాకు చేను లేదు కదా, ఎలా తీరుస్తారు అని నవ్వాము. మరుసటి ఏడు మార్చిలో మాకు అస్సాంలోని సిల్చర్‌కు బదిలీ ఆర్డరు వచ్చింది. సామాన్లు సర్దే రోజున తెల్లవారేసరికి ఆమా, కోడలు ఇద్దరూ కొంగులు బిగించుకుని మా గుమ్మంలో ఉన్నారు. రోజంతా గిన్నెలు గడ్డిలో చుట్టారు, పుస్తకాల పెట్టెలకు తాళ్లు కట్టారు. గోధుమ గడ్డిలో చుట్టిన ఒక్క గాజు గ్లాసు కూడా దారిలో పగలలేదు. సాయంత్రం ఆమా వేళ్లు లెక్కపెట్టి, "రెండు తీరాయి, ఇంకా రెండు ఉన్నాయి" అంది.

తరువాత ఏమైందో కూడా చెప్పాలి. కోడలు, పిల్లవాడు మధ్యప్రదేశ్‌లోని క్వార్టరుకు వెళ్లారు. ఆమా వెళ్లలేదు. పద్నాలుగు మడుల్లో ఇంటికి దగ్గరగా ఉన్న ఐదు మడులు మాత్రమే ఎద్దులాయన పాలుకు దున్ని, విత్తుతున్నాడు. మిగిలిన తొమ్మిది గడ్డికి వదిలేశారు. ఆ తొమ్మిది గోడల్లో ఎన్ని నిలుస్తాయో వానలే తేల్చాలి. పూర్తిగా గెలిచిన కథ కాదిది, పూర్తిగా ఓడిన కథ కూడా కాదు.

పైన చెప్పిన సంగతి ఇక్కడ పనికొచ్చింది. మైదానంలో గోధుమ ఏప్రిల్‌లోనే అయిపోతుంది. కొండ మీద మే నెల దాకా ఆగుతుంది. మే నెలలో మధ్యప్రదేశ్ బడులకు వేసవి సెలవులు మొదలవుతాయి. కాబట్టి ఆ అబ్బాయి సెలవులకు ఇల్లు చేరేసరికి ఇంటి దగ్గరి మడులు సరిగ్గా కోతకు వస్తాయి. వాడిప్పుడు పదో తరగతి. మూడేళ్లుగా ఆ ఐదు మడుల కోత వాడిదే.

పిల్లలూ, "మీ ఊరేది?" అని ఎవరైనా అడిగితే మనకు జవాబు చెప్పడం కష్టం. పుట్టినది ఒకటి, చదివినది నాలుగు, ఆధార్ కార్డులో ఉన్నది మరొకటి. మీరు ఇప్పుడున్న ఊళ్లో ఏ పంట ఏ నెలలో కోస్తారో, దేనితో కోస్తారో, నేలను ఏ కొలతతో కొలుస్తారో అడిగి తెలుసుకోండి. వీలైతే ఒక రోజు చెయ్యి కలపండి. వచ్చే సంచికకు దాని గురించి మీ భాషలో ఒక పేజీ రాయండి. బదిలీ ఆర్డరులో ఆ ఊరి పేరు కొట్టేసినా, ఆ చేసిన పని ఎవరో ఒకరి లెక్కలో ఉంటుంది.

మొన్న మే నెలలో ఆ అబ్బాయి ఆవడిలోని మా ఇంటికి ఫోను చేశాడు. నాలుగు మడులు అయ్యాయని, ఒకటి మిగిలిందని, మబ్బు లేదని చెప్పాడు. తరువాత ఆమా ఫోను తీసుకుంది. మా పాప చదువు గురించి అడిగింది, మద్రాసు ఎండల గురించి అడిగింది. పెట్టేసేముందు మా రెండు బదుళ్లు అలాగే ఉన్నాయని, వాటిని వసూలు చేసుకోవడానికి మేమే రావాలని గుర్తుచేసింది.